ఓయ్‌మ్యకోన్ జిల్లా: అంత చలిలో జనం ఎందుకుంటున్నారు?

వాల్తేరు_వాసు
నిన్న రాత్రి ఏవో వీడియోలు చూస్తూ చూస్తూ ఓయ్‌మ్యకోన్ అనే ఈ చలి ఊరి దగ్గర తేలాను. అందరిదీ ఒకటే వరస. వేడినీళ్లు గాల్లోకి విసరడం, అది పొగైపోవడం, కెమెరా ముందు కనురెప్పల మీద మంచు చూపించడం. అక్కడివాళ్లు ఏం పని చేసి బతుకుతారు, జీతం ఎవరిస్తారు, కూరగాయలు ఎక్కణ్ణుంచి వస్తాయి అని ఒక్కడూ అడగడు.

వెతికితే తెలిసిందేమిటంటే, ఓయ్‌మ్యకోన్ ఊరి పేరే కాదు, జిల్లా పేరు కూడా. రష్యా తూర్పు భాగంలో, సఖా రిపబ్లిక్‌లో ఉంది. 1931లో ఏర్పడింది. జిల్లా కేంద్రం ఉస్త్-నేరా. విస్తీర్ణం సుమారు 92 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1,12,000, అంటే ఐదింట నాలుగు వంతుల తెలంగాణ ఒక్క జిల్లా అన్నమాట. 2010 లెక్కల ప్రకారం అందులో ఉన్న మనుషులు 10,109. మా గాజువాకలో ఒక్క వార్డులో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

ఆ వైపు వెళ్లినవాళ్లు, చదివినవాళ్లు ఉంటే చెప్పండి. రికార్డులు కాదు నాకు కావలసింది. అక్కడ మనిషి ఉండటానికి కారణం ఏంటి?

చింతపల్లి_చలి
మా లంబసింగిలో సున్నా దగ్గరకొస్తే చాలు, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చి స్వెటర్లతో సెల్ఫీలు దిగిపోతారు. ఈ ఊరి అడ్రస్ వాళ్లకి చెప్పకండి సార్, మా టీ కొట్లు మూతబడతాయి.

జాగ్రఫీ_మాస్టారు
వాసు గారూ, రికార్డులు వద్దన్నారు గానీ ముందు అవి తేల్చకపోతే చర్చంతా దానిమీదే నడుస్తుంది.

1933 ఫిబ్రవరి 6న అక్కడ మైనస్ 67.7 నమోదైంది. ఆ వాతావరణ కేంద్రం ఉన్నది ఓయ్‌మ్యకోన్ ఊళ్లో కాదు, అదే లోయలోని తోమ్‌తోర్‌లో. అదే రిపబ్లిక్‌లో వెర్ఖొయాన్స్క్ అని ఇంకో ఊరు ఉంది, 1892లో అక్కడ మైనస్ 67.8. చలి ధ్రువం (అన్నిటికంటే చల్లని చోటు) మాదంటే మాదని ఈ రెండింటి మధ్య ఎప్పట్నుంచో పేచీ. ఓయ్‌మ్యకోన్ లోయలోని స్మారక చిహ్నం మీద మైనస్ 71.2 అని కనిపిస్తుంది, మీ వీడియోలవాళ్లంతా దాని పక్కనే నిలబడతారు. అది థర్మామీటర్‌లో చూసిన అంకె కాదు, 1920ల్లో సెర్గేయ్ ఓబ్రుచెవ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కట్టిన అంచనా. 2020లో ప్రపంచ వాతావరణ సంస్థ ఇద్దరినీ పక్కకు నెట్టి, గ్రీన్‌లాండ్ మంచు పీఠం మీద 1991 డిసెంబర్ 22న నమోదైన మైనస్ 69.6ని ఉత్తరార్ధగోళపు రికార్డుగా గుర్తించింది. అక్కడ ఉన్నది ఆటోమేటిక్ పరికరం మాత్రమే, మనుషులెవరూ కాపురం ఉండరు. కాబట్టి జనం ఉండే ఊళ్ల లెక్కలో పేచీ ఇంకా ఆ రెంటి మధ్యే.

అంత చలి ఎందుకన్నది నాకు ఇష్టమైన పాఠం. ధ్రువానికి దగ్గరని కాదు. ఊరు 63 డిగ్రీల అక్షాంశం మీద, ఆర్కిటిక్ వృత్తానికి ఇంకా దక్షిణంగానే ఉంది. అట్లాంటిక్ మీంచి వచ్చే కాస్త వెచ్చటి గాలి అంత దూరం చేరేలోగా చల్లారిపోతుంది. పసిఫిక్ దగ్గరే గానీ మధ్యలో కొండలు అడ్డం. చలికాలం వచ్చిందంటే సైబీరియా మీద అధిక పీడనం తిష్ట వేస్తుంది. మబ్బుండదు, గాలి కదలదు. డిసెంబర్‌లో పగలు సుమారు నాలుగున్నర గంటలే. నేల మీది మంచు ఆ కాస్త ఎండనీ తిప్పికొడుతుంది, రాత్రంతా ఉన్న వేడినీ ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలుల మీంచి జారి లోయ అడుగుకు చేరుతుంది. దాన్ని కదిలించేది ఏదీ లేదు కాబట్టి అక్కడే కూర్చుంటుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, జనవరిలో అక్కడ కొండెక్కితే చలి తగ్గుతుంది! ఎత్తుకు పోయేకొద్దీ చల్లన అని తరగతిలో చెబుతాం కదా, ఇక్కడ తిరగబడుతుంది. జనవరి సగటే మైనస్ 46 దగ్గర. అదే ఊళ్లో 2010 జూలై 28న 34.6 డిగ్రీల ఎండ కాసింది. ఒకే ఊరికి వంద డిగ్రీలకు పైగా తేడా.

మాజీ_హవల్దార్
ద్రాస్‌లో (లద్దాఖ్) చలికాలం గడిపినవాణ్ని. అక్కడ ఊరి మొదట్లో బోర్డు ఉంటుంది, ప్రపంచంలో మనుషులుండే రెండో అతి చల్లని ప్రదేశం అని. ఫొటో దిగని జవాను ఉండడు. మాస్టారూ, ఆ బోర్డు మాటేంటి?

జాగ్రఫీ_మాస్టారు
హవల్దార్ గారూ, ద్రాస్ చలి నిజం, బోర్డు మాత్రం టూరిజం వాళ్ల ఉత్సాహం. జనవరిలో సగటున మైనస్ 46 ఉండే ఊరితో ద్రాస్‌ని పక్కపక్కన పెట్టలేం. సఖాలోనే ద్రాస్‌ని దాటే ఊళ్లు బోలెడు.

మాజీ_హవల్దార్
సరే, బోర్డు వదిలేద్దాం. అయితే ఒక తేడా చెప్పాలి. ద్రాస్ పదివేల అడుగుల పైన ఉంటుంది. సియాచిన్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, అక్కడ చలికంటే ముందు ఊపిరి చంపుతుంది. నాలుగు అడుగులేసి నిలబడాలి. ఈ ఊరు ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తేనంటే గాలి పుష్కలంగా ఉన్నట్టే. ఊపిరి ఆడుతుంటే, పొయ్యి ఉంటే, కట్టెలుంటే మనిషి చలికి అలవాటు పడతాడు. నేను చూసినంతలో చలిని తట్టుకోలేక ఏడ్చినవాడికంటే జోజిలా కనుమ దారి మూసేశాక ఇంటి ఉత్తరం రాక ఏడ్చినవాళ్లే ఎక్కువ.

ఎడ్మంటన్_లక్ష్మి
ఇక్కడ కెనడాలో, మా దగ్గర 2024 జనవరిలో మైనస్ 40 దాటినప్పుడే ఆఫీసులో అందరూ యుద్ధం కబుర్లు చెప్పినట్టు చెప్పుకున్నారు. అందుకే ఈ ఊరి గురించి నేను ఎక్కువగా ఆలోచించేది బండ్ల గురించే.

ఇక్కడ పార్కింగ్‌లో కార్లకు కరెంటు ప్లగ్గు ఉంటుంది. ఇంజిన్‌కి చిన్న హీటర్ తగిలించి రాత్రంతా పెడతాం. యాకూతియాలో (సఖాకే ఇంకో పేరు) అది సరిపోదు. వెచ్చని గరాజ్ ఉన్నవాళ్లు అందులో పెట్టుకుంటారు. లేనివాళ్లు, లారీలవాళ్లు ఇంజిన్ ఆపనే ఆపరు. షాపుకెళ్లినా, భోంచేసినా, నిద్రపోయినా బండి నడుస్తూనే ఉంటుంది. మామూలు డీజిల్ అయితే మైనమై పైపులో కూర్చుంటుంది, అందుకని ఆర్కిటిక్ డీజిల్ అని వేరే రకం పోస్తారు. అద్దాలు ఒక పొరవి సరిపోవు, లోపలి ఆవిరి గడ్డకట్టి బయటేమీ కనపడదు. రెండో అద్దం అతికిస్తారు. రబ్బరు గట్టిపడి, ప్లాస్టిక్ చిట్లిపోయి, చివరికి ఇనుము కూడా పెళుసవుతుంది.

ఇంకొకటి. ఇక్కడ మమ్మల్ని చంపేది గాలి. మైనస్ 25కి గాలి తోడైతే ముఖం కోసేస్తుంది. అక్కడ గాలే లేదంటున్నారు మాస్టారు. అది వాళ్ల అదృష్టం అనాలో ఏమనాలో!

రోడ్డు_రాజా
సఖా రాజధాని యాకుట్స్క్ నుంచి పసిఫిక్ వైపున్న మగదాన్ రేవు దాకా బైక్ మీద వెళ్లాలని ఎప్పట్నుంచో ఉంది. రెండు వేల కిలోమీటర్ల పైన మాట. ఎవరైనా రూట్ చెప్తారా? దారిలో ఓయ్‌మ్యకోన్ కూడా కవర్ అయిపోతుంది కదా.

సరళ_కజాన్
నమస్తే అందరికీ. మాది ఖమ్మం. కజాన్‌లో (రష్యా) మెడిసిన్ చదివాను, ఇప్పుడూ ఇక్కడే ఉన్నాను. హాస్టల్‌లో నా రూమ్మేట్ సఖా అమ్మాయి, వాళ్ల అమ్మమ్మగారిది తోమ్‌తోర్. ఒక ఏడాది మార్చి చివర్లో వాళ్లింటికి తీసుకెళ్లింది. కాబట్టి నేను మైనస్ 60 చూడలేదు, ముందే చెప్తున్నా. తెల్లవారుజామున మైనస్ 40 దగ్గర ఉండేది, మధ్యాహ్నానికి ఎండ బాగా వచ్చి ఊరంతా బయట తిరిగేవాళ్లు.

వాసు గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఆ ఇంటి వెనకాల దొరికింది. పశువుల కొట్టం! ఆవులు. మనకంటే పొట్టివి, బొచ్చు ఎక్కువ. చలికాలమంతా కట్టెల దుంగలతో కట్టి పేడ పూసిన కొట్టంలో ఉంటాయి. నీళ్లు తాగడానికి బయటికి తోలేటప్పుడు అమ్మమ్మ వాటి పొదుగుకి బొచ్చు గుడ్డతో కుట్టిన సంచిలాంటిది కట్టి, వీపు మీంచి ముడేసేది. ఆ ముడి సరిగ్గా పడకపోతే ఆవు కదలనిచ్చేది కాదు. మా నాయనమ్మ గేదెతో మాట్లాడినట్టే ఆవిడా ఆవుతో మాట్లాడుతుంది, భాషే వేరు.

గుర్రాలకైతే కొట్టం కూడా లేదు. మైనస్ 60లో కూడా బయటే. డెక్కలతో మంచు తవ్వి అడుగున ఉన్న ఎండుగడ్డి తింటాయి. పాలు, మాంసం, తోలు, అన్నీ వాటి నుంచే. నేను గుర్రం మాంసం తినలేకపోయాను. గడ్డకట్టిన చేపని పల్చగా చెక్కి ఉప్పు, మిరియాలు అద్దుకుని తింటారు, అది మాత్రం రెండోసారి అడిగి తిన్నాను. పచ్చి చేపేంటి అనుకునేలోపే నోట్లో కరిగిపోతుంది.

నీళ్ల సంగతి చెప్తే మీరు నమ్మరు. కుళాయి లేదు. పై పొర తప్ప నేలంతా ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది, పైపులు పాతితే పగిలిపోతాయి. అక్టోబర్ చివర, నవంబర్‌లో నది మీద మంచు జానెడు మందం దాటాక రంపాలతో పలకలుగా కోస్తారు. గాజుపెట్టెల్లా పారదర్శకంగా ఉంటాయి. వాటిని ఇంటి గేటు పక్కన పేర్చుకుంటారు. నీళ్లు కావాలంటే గొడ్డలితో ఒక ముక్క కొట్టి లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పీపాలో వేయడమే. అమ్మమ్మగారి ఇంట్లో పొద్దున్నే నా డ్యూటీ అదే. టీకి ఆ నీళ్లే మంచివని, కుళాయి నీళ్ల టీ ఆవిడకి నచ్చదని మా ఫ్రెండ్ చెప్పింది. మరుగుదొడ్డి పెరట్లో. దాని గురించి ఇంతకంటే రాయను.

బయటికి వెళ్లాలంటే ఇంటికి మూడు తలుపులు. ఒకటి మూశాకే ఇంకొకటి తీయాలి. ఇనుప ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని బయటికి వెళ్లొద్దని మొదటిరోజే చెప్పారు, చర్మానికి అతుక్కుంటుంది. ఫోన్ లోపలి జేబులో ఉంటేనే పనిచేస్తుంది. వేడి కోసం వోడ్కా అంటారు కదా, డాక్టర్‌గా చెప్తున్నా, అది చర్మం దగ్గరి రక్తనాళాల్ని తెరిచి ఒంట్లో వేడిని ఇంకా తొందరగా పోగొడుతుంది. వెచ్చగా అనిపిస్తుంది, అంతే.

పిల్లల బడి: చిన్నవాళ్లకి మైనస్ 50 దాటాక సెలవు, పెద్ద తరగతులకి ఇంకో నాలుగైదు డిగ్రీలు కిందకి పోవాలి. సెలవిచ్చారని పిల్లలు ఇంట్లో కూర్చుంటారనుకుంటున్నారా? అదీ లేదు.

చింతపల్లి_చలి
సరళ గారూ, ఆవుకి స్వెటర్ అనగానే మా ఆవిడకి చదివి వినిపించాను. మన ఆవుకీ ఒకటి కుట్టిస్తానంటోంది. బాధ్యత మీదే.

బెల్లంపల్లి_సతీష్
సరళక్కా, మస్తు రాసినవ్. కానీ నువ్వు చెప్పింది సగం కథ. వాసన్న మొదట్ల ఇచ్చిన అంకె చూడండి, 2010ల 10,109. నేను పాత లెక్కలు వెతికిన. 1989ల అదే జిల్లాల 31 వేల మంది. 2002 వరకు 14 వేల చిల్లరకు పడిపోయింది. ఇరవై ఏండ్లల్ల మూడింట రెండొంతుల జనం పోయిన్రు. చలి అప్పుడెంతో ఇప్పుడూ అంతే కదా? మరెందుకు పోయిన్రు?

మాది బొగ్గు ఊరు. గని మూతపడితే ఊరు ఏమైతదో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ముందు క్యాంటీన్ బంద్. తర్వాత క్వార్టర్లకు తాళాలు. తర్వాత బడిల పిల్లలు తగ్గుతరు, అప్పుడు టీచర్‌ను ఎత్తేస్తరు. బస్సు రెండు పూటల నుంచి ఒక పూటకు వస్తది. అట్ల ఒక్కొక్కటి. ఓయ్‌మ్యకోన్ జిల్లాల ఏం గనులున్నయో ఎవరన్నా చెప్పండి, జవాబు అక్కడ్నే ఉంటది.

జాగ్రఫీ_మాస్టారు
సతీష్ గారు సరైన చోట పట్టుకున్నారు.

ఉస్త్-నేరా చరిత్ర పశువులతో కాదు, బంగారంతో మొదలైంది. ఇందిగిర్కా నదిలో నేరా కలిసేచోట 1930ల చివర్లో భూగర్భ పరిశోధకుల గుడారాలు వెలిశాయి, వాటి వెనకే గనులు. అక్కడ బంగారం ఎక్కువగా నది ఇసుకలో, కంకరలో దొరికే రకం. నీళ్లు పారితేనే కడగగలరు కాబట్టి పనంతా వేసవి నెలల్లోనే. అది కాక సరిలాఖ్ దగ్గర యాంటిమొనీ గని ఉంది. బ్యాటరీల్లో సీసాన్ని గట్టిపరచడానికి, మంటలు అంటుకోని పదార్థాల తయారీకి వాడే లోహం అది.

ఆ పనికి మనుషులు ఎలా వచ్చారన్నది చేదు సంగతి. 1931 చివర్లో స్టాలిన్ ప్రభుత్వం మగదాన్ వైపున్న కొలిమా ప్రాంతానికి దాల్‌స్త్రోయ్ అనే సంస్థను పెట్టింది. గనులు, రోడ్లు, ఖైదీల శిబిరాలు అన్నీ దాని చేతిలోనే. రోడ్డు_రాజా గారు బైక్ మీద పోదామనుకుంటున్న ఆ కొలిమా రోడ్డు 1932లో మొదలై, ఖైదీల చేతుల మీదుగానే పెరిగింది. చనిపోయినవాళ్లని రోడ్డు పక్కనే, రోడ్డు కిందే పూడ్చారని చెబుతారు. అందుకే దానికి ఎముకల రోడ్డు అని పేరు పడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే జిల్లాలో విమానాశ్రయం కూడా కట్టారు. అమెరికా ఇచ్చిన యుద్ధ విమానాలు అలాస్కా నుంచి సైబీరియా మీదుగా వచ్చేటప్పుడు అక్కడ దిగి ఇంధనం పోయించుకునేవి.

స్టాలిన్ పోయాక శిబిరాలు మూతపడ్డాయి. మరి గనులకు మనుషులు కావాలి కదా. బలవంతం పోయి డబ్బు వచ్చింది. ఉత్తరాది భత్యం అని జీతం మీద జీతం, పొడుగాటి సెలవులు, ముందే పింఛను. రష్యా మొత్తం మీద మగవాళ్లు 60కి రిటైరయ్యే రోజుల్లో అక్కడ 55కి, ఆడవాళ్లు 50కే. ఉక్రెయిన్ నుంచి, మధ్య రష్యా నుంచి కుర్రాళ్లు వచ్చారు. కొన్నేళ్లు చేసి, డబ్బు దాచుకుని, వెచ్చటి ఊళ్లో ఇల్లు కొనుక్కోవాలని లెక్క.

1991లో సోవియట్ యూనియన్ కూలింది, ఆ లెక్క మొత్తం తప్పింది.

బెల్లంపల్లి_సతీష్
అదే అడుగుతున్న మాస్టారూ. అప్పుడేమైంది?

సరళ_కజాన్
దీనికి నేను చెప్పొచ్చా? మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు ఉస్త్-నేరాలో గనిలో పనిచేశారు. ఆయన దగ్గర విన్నది చెప్తాను.

1992లో ధరల మీద అదుపు ఎత్తేశారు. బ్యాంకులో జీవితమంతా దాచుకున్న రూబుళ్లు నెలల్లో చిత్తుకాగితాలయ్యాయి. వెచ్చటి ఊళ్లో ఇల్లు సరిపోతుందనుకున్న డబ్బుకి కొద్ది రోజుల్లోనే కోటు కూడా వచ్చేది కాదట. అంటే చూడండి, వెళ్లిపోదామన్నా వెళ్లలేని పరిస్థితి. బయట ఎవరైనా చుట్టాలున్నవాళ్లు ముందు కదిలారు. లేనివాళ్లు ఆగిపోయారు. గనులకి ప్రభుత్వం డబ్బు ఆగింది. ఒక్కో కాలనీలో వేడి నీటి బాయిలర్ ఆగిపోతే అంతే. మైనస్ 50లో ఒక్క రాత్రి బాయిలర్ ఆగితే పైపులన్నీ పగులుతాయి, మళ్లీ వాటిని బాగుచేసే డబ్బు ఎవరి దగ్గరుంది? ఆ చుట్టుపక్కల చాలా గని కాలనీలు అధికారికంగా కూడా రద్దయిపోయాయి. కిటికీల్లేని అపార్ట్‌మెంట్లు, లోపల గోడకి ఇంకా క్యాలెండర్.

తోమ్‌తోర్, ఓయ్‌మ్యకోన్, ఎవెన్ తెగవాళ్ల యుచ్యుగెయ్ లాంటి ఊళ్లు మాత్రం నిలబడ్డాయి. కొట్టంలో ఆవు, అడవిలో గుర్రాల మంద, నదిలో చేప ఉన్నాయి కదా. జీతం ఆగినా తిండి ఆగలేదు.

బెల్లంపల్లి_సతీష్
గిదే. ఇదే నేను చెప్పాలనుకున్నది. టీవీలోళ్లు చలి చలి అని మొత్తుకుంటరు. చలి వాళ్లను వెళ్లగొట్టలేదు. పక్క మగదాన్ ప్రాంతంల కదిక్చాన్ అని బొగ్గు ఊరు ఉండె, ఒకప్పుడు పదివేల మంది. 1996ల గనిల పేలుడు, తర్వాత గని మూసిన్రు, ఊరు ఖాళీ. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు నిద్ర పట్టలే. స్కూల్ బిల్డింగ్ మా దగ్గరి దాని లెక్కనే ఉంది.

నెల్లూరు_నాని
అందరూ ఎమోషనల్ అవుతున్నారు గానీ, ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. ఆ కొద్దిమందికి రోడ్డు, కరెంటు, బొగ్గు, ఆసుపత్రి, విమానం... ఎంత ఖర్చు? అందరికీ యాకుట్స్క్‌లో తలా ఒక ఫ్లాట్ ఇచ్చి జిల్లా మూసేస్తే ప్రభుత్వానికీ వాళ్లకీ సుఖం కదా. సఖా రిపబ్లిక్ దాదాపు ఇండియా అంత ఉంటుంది, మొత్తం జనాభా సుమారు పది లక్షలే. ఎందుకు అంత విడివిడిగా ఉండటం?

మాజీ_హవల్దార్
నాని గారూ, ఖాళీ చేయించిన జాగాలో మళ్లీ మనిషిని పెట్టడం ఎంత కష్టమో మిలిటరీలో పనిచేసినవాణ్ని అడగండి. సరిహద్దు దగ్గర ఊరుందంటే దేశం ఉన్నట్టు.

నెల్లూరు_నాని
ఇది సరిహద్దు కూడా కాదు కదా అన్నా. నడిమధ్యలో ఉంది.

సరళ_కజాన్
గని కాలనీవాళ్లకి మీరు చెప్పినలాంటిదే కొంత జరిగింది నాని గారూ. ఉత్తరం నుంచి వెళ్లేవాళ్లకి ఇళ్ల పథకాలు పెట్టారు, పేర్లు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు బయటినుంచి వచ్చినవాళ్లు, వెళ్లాలనుకున్నారు. సఖావాళ్లు, ఎవెన్‌లు వేరు. ఆ అమ్మమ్మకి యాకుట్స్క్‌లో ఫ్లాట్ ఉంది, కూతురిది. చలికాలంలో రమ్మని ప్రతి ఏడూ అడుగుతారు. ఆవుల్ని ఎవరు చూస్తారు అంటుంది. మీరు వెళ్లి ఆవిణ్ణి ఒప్పించగలిగితే నాకు చెప్పండి, టికెట్ నేను కొంటాను.

ఎడ్మంటన్_లక్ష్మి
నాని గారూ, ఖర్చు సంగతికొస్తే బంగారం అక్కణ్ణుంచే కదా పోతోంది. ఆ లెక్క కూడా వేయాలి. ఇక్కడ కెనడా ఉత్తరాన వజ్రాల గనుల దగ్గర ఇదే వాదన వింటుంటాం. గని ఉన్నంతకాలం ఊరు అవసరం, మూయగానే ఖర్చు!

వాల్తేరు_వాసు
చాలా బాగుంది చర్చ. ఇంకో చిన్న డౌట్. కూరగాయలు?

సరళ_కజాన్
ఎక్కువ లారీల్లో వచ్చినవే, అందుకే ధర మండిపోతుంది. వేసవిలో మాత్రం ప్రతి పెరట్లో పాలిథిన్ కప్పిన షెడ్డు. దోసకాయ, టమాటా దాంట్లో. బయట బంగాళాదుంప, క్యాబేజీ. జూన్‌లో ఇరవై గంటల వెలుతురు ఉంటుంది కాబట్టి మొక్క రాత్రీ పగలూ పెరుగుతుంది. ఆగస్టు చివరికే మళ్లీ మంచు భయం. వేసవి హాయి అనుకోకండి, దోమలు మన గోదావరి జిల్లాల దోమల్ని మర్చిపోయేలా చేస్తాయట. ఈమధ్య ఏళ్లలో అడవులు తగలబడి పొగ కూడా.

రోడ్డు_రాజా
నా రూట్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మ్యాప్‌లో చూస్తే తోమ్‌తోర్ మీదుగా వెళ్తే మగదాన్‌కి దూరం తగ్గుతోంది. ఉస్త్-నేరా చుట్టు తిరగడం ఎందుకు?

ఎడ్మంటన్_లక్ష్మి
రాజా గారూ, దయచేసి ఆ దారి వద్దు. 2020 చలికాలంలో యాకుట్స్క్ నుంచి మగదాన్ కారులో బయల్దేరిన ఇద్దరు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు సరిగ్గా ఇదే చేశారు. ఫోన్ మ్యాప్ దగ్గరి దారి చూపించింది. అది ఎప్పుడో వదిలేసిన పాత రోడ్డు, వంతెనలు కూలిపోయాయి, మనుషులు తిరగరు. ఏదో పుల్ల గుచ్చుకుని రేడియేటర్ పోయింది, ఇంజిన్ ఆగింది, బయట మైనస్ 50. వారం తర్వాత పోలీసులు చేరేసరికి ఒకబ్బాయి చనిపోయాడు, రెండో అబ్బాయికి కాళ్లూ చేతులూ గడ్డకట్టాయి.

ఆ దేశంలో కొత్త రోడ్డు మీద ఎవరి బండి ఆగినా వెనకొచ్చేవాడు ఆగాల్సిందే, అది అలిఖిత చట్టం. పాత రోడ్డు మీద వెనకొచ్చేవాడే ఉండడు.

సరళ_కజాన్
లక్ష్మి అక్క చెప్పింది అక్షరాలా నిజం. రూట్ ఇలా ఉంటుంది: యాకుట్స్క్‌లో లేనా నది దాటాలి. వంతెన ఇంకా కడుతున్నారు, అప్పటిదాకా వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు. మంచు పట్టే అక్టోబర్‌లో, కరిగే మే నెలలో రెండూ ఉండవు, ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. అక్కణ్ణుంచి ఖందిగా, దారిలో అల్దాన్ నది, మళ్లీ అదే కథ. తర్వాత క్యుబెమె. పెట్రోల్ బంకు ఉంది, ట్యాంకుతో పాటు డబ్బాలు కూడా నింపుకోండి. అక్కడ రోడ్డు చీలుతుంది. ఎడమకి ఉస్త్-నేరా, మగదాన్. కుడికి తోమ్‌తోర్, ఓయ్‌మ్యకోన్. కుడికి వెళ్లినవాళ్లు చూసుకుని మళ్లీ క్యుబెమెకే వెనక్కి రావాలి. రానూపోనూ కలిపి ఒక రోజు పైనే తీసేసి పెట్టుకోండి.

బైక్ అయితే జూలై, ఆగస్టు. వానపడితే మట్టిరోడ్డు బురద. అక్కడ జరిగే 'చలి ధ్రువం' పండుగ చూడాలంటే మార్చి చివర, అప్పుడు బైక్ మాట మర్చిపోయి స్థానికుల వ్యాన్‌లో సీటు మాట్లాడుకోండి. వాళ్లు ఇంజిన్ ఆపరు కాబట్టి వెచ్చగానే ఉంటుంది, పొగ వాసన భరించాలి.

రోడ్డు_రాజా
థాంక్స్ అక్కా. జూలై ఫిక్స్. హీటెడ్ జాకెట్ ఇప్పటికే కొనేశాను, దాన్నేం చేయాలి?

చింతపల్లి_చలి
డిసెంబర్‌లో లంబసింగికి వేసుకు రండి. టీ మా కొట్లోనే తాగాలి.

మోడరేటర్
వీసా, టికెట్లు, బైక్ అద్దె ప్రశ్నలు దయచేసి ప్రయాణాల విభాగంలో అడగండి. ఈ దారాన్ని జిల్లా గురించిన చర్చకే ఉంచుదాం. సతీష్ గారూ, గని ఊళ్ల గురించి మీరు వేరే దారం మొదలుపెడితే పైన పిన్ చేస్తాం.

బెల్లంపల్లి_సతీష్
సరే. ఆదివారం పెడత. పాత క్వార్టర్ల ఫొటోలు ఎవరి దగ్గరన్నా ఉంటే పంపండి, కొత్తగూడెం వాళ్లు ముఖ్యంగా.